స్టెంట్ వేశారు.. ఇంటికి పంపారు.. మరి ఆ బుగులు సంగతేంటి? ములుగు నుంచి చూస్తే గుండెపోటు తర్వాతి అసలు సమస్య ఇదే

గుండెపోటు వచ్చింది. టైమ్‌కి ఆస్పత్రికి చేరారు. స్టెంట్ పడింది, ప్రాణం నిలిచింది. నాలుగైదు రోజుల్లో డిశ్చార్జ్. చేతిలో ఒక ఫైలు, కవర్ నిండా మాత్రలు. ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, బీడీ మానేయండి, నెల తర్వాత మళ్లీ రండి.. డిశ్చార్జ్ కాగితంలో ఇవన్నీ ఉంటాయి. రాత్రి నిద్ర పడుతోందా, ఒంటరిగా ఉంటే భయమేస్తోందా అని అడిగే లైను మాత్రం చాలా కాగితాల్లో కనిపించదు.

ఇంట్లోవాళ్లూ అడగరు. గండం గడిచింది కదా, ఇంకేంటి అనుకుంటారు. కానీ గుండెపోటు వచ్చిన మనిషికి అసలు గండం ఇంటికొచ్చాకే మొదలవుతుంది. ఛాతీలో చిన్న చురుకు తగిలినా మళ్లీ వచ్చిందా అని ఉలిక్కిపడతాడు. పడుకుంటే లేస్తానో లేదో అని కళ్లు మూయడు. పొలం వైపు అడుగు వేయాలంటే కాళ్లు ఆడవు. పక్క మంచం మీద భార్య కూడా నిద్రపోదు, ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఉంటుంది.

వరంగల్, ములుగు వైపు దీనికి మంచి మాటలే ఉన్నాయి. బుగులు అంటే భయం. రంది అంటే మనసును తినేసే దిగులు. అది ముదిరి మనిషి చిక్కిపోతే మనాది పట్టుకుందంటారు. డాక్టర్లు డిప్రెషన్, యాంగ్జైటీ అని ఇంగ్లీషులో రాసేది దాదాపు ఈ మాటలనే. పేర్లు వేరు కావడం వల్లే సగం సమస్య వస్తోంది, ఎలాగో తర్వాత చూద్దాం.

ఇది మనసు సమస్య మాత్రమేనా?

కాదు. ప్రాణం సమస్య కూడా. 1993లో కెనడాలోని మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్ స్మిత్ బృందం 222 మంది గుండెపోటు పేషెంట్లను ఆరు నెలల పాటు గమనించింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడే తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ ఆరు నెలల్లో చనిపోయే ముప్పు, మిగతావాళ్లతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా ఉందని తేలింది. గుండె ఎంత దెబ్బతింది అన్న తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా! తర్వాత వచ్చిన అధ్యయనాల్లో తేడా ఇంత పెద్దగా కనిపించలేదు కానీ, దిగులు ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ అన్న విషయం మాత్రం మారలేదు.

గుండెపోటు తర్వాత సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమయ్యే స్థాయి డిప్రెషన్ ఉంటుందని వైద్యుల అంచనా. యుద్ధం నుంచి, ఘోర ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లలో కనిపించే పీటీఎస్డీ లక్షణాలు కూడా దాదాపు ఎనిమిది మందిలో ఒకరిలో ఉంటాయని 2012లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. ఆ రాత్రి, ఆ నొప్పి, ఆ అంబులెన్స్ సైరన్.. అవే మళ్లీ మళ్లీ కళ్ల ముందు తిరుగుతాయి. అలాంటివాళ్లకు రెండో గుండెపోటు ముప్పు కూడా ఎక్కువేనని ఆ విశ్లేషణ గుర్తించింది.

ఎందుకిలా? కొంత ఒంట్లో జరిగేది. భయం ఎప్పుడూ లోపల నడుస్తూ ఉంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు తగ్గవు, బీపీ దిగదు, గుండె వేగం నెమ్మదించదు, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. రెండోది మనిషి చేసేది, అంతకంటే ముఖ్యమైనది. రంది పట్టుకున్న మనిషి నడవడు. ఎలాగూ పోయేవాడినే కదా అని మళ్లీ బీడీ ముట్టిస్తాడు. అన్నిటికంటే ప్రమాదం, మాత్రలు ఆపేస్తాడు. స్టెంట్ వేశాక ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర ఇస్తారు. గుండెపోటు వచ్చినవాళ్లకు సాధారణంగా ఏడాది పాటు ఈ రెండూ ఉంటాయి. డాక్టర్‌కు చెప్పకుండా మధ్యలో ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టొచ్చు. అంటే లక్షలు పోసి, లేదా ఆరోగ్యశ్రీ కింద వేయించిన స్టెంట్‌ను పట్టించుకోని దిగులు మూసేయగలదు.

ములుగులో భయానికి లెక్క ఉంది

హైదరాబాద్‌లో ఉన్న పేషెంట్‌కు అనవసరంగా భయపడకండి అని చెప్పడం తేలిక. పది, ఇరవై నిమిషాల దూరంలో క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆస్పత్రి ఉంటుంది. ములుగు జిల్లాలో ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు.

2019 ఫిబ్రవరిలో కొత్త జిల్లాగా ఏర్పడిన ములుగు నుంచి స్టెంట్ కోసం ఎక్కువమంది వెళ్లాల్సింది వరంగల్, హనుమకొండ వైపే. ములుగు టౌన్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఏటూరునాగారం నుంచైతే 100 దాకా. వాజేడు, వెంకటాపురం మండలాలవాళ్లు గోదావరి దాటి ఇంకా ఇవతలికి రావాలి. గుండెపోటు వైద్యంలో ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది. రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేరలేని పరిస్థితి ఉంటే, దగ్గర్లోని ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇచ్చి, తర్వాత పెద్దాస్పత్రికి పంపాలన్నది వైద్య మార్గదర్శకాల్లో ఉన్నదే. ఏజెన్సీ మండలాలకు ఈ పద్ధతే ప్రాణాధారం.

వాన కాలం వస్తే లెక్క మొత్తం మారిపోతుంది. 2023 జూలై చివర్లో జంపన్న వాగు ఉప్పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచేసింది. ప్రాణాలు పోయాయి, దారులు తెగిపోయాయి. అలాంటి ఊళ్లో ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన మనిషి ఉన్నాడనుకోండి. ఆకాశంలో మబ్బు పట్టగానే ఆయన గుండె దడ పెరిగితే అది జబ్బా? ఈ రాత్రి మళ్లీ వస్తే వాగు దాటేదెట్లా అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్ల వచ్చిన భయం అది. దాన్ని కౌన్సెలింగ్‌తో మాత్రమే తగ్గించలేం. ఊరికి వంతెన, పీహెచ్‌సీలో ఈసీజీ, ఫోన్ చేస్తే కదిలే 108.. ఇవి కూడా ఈ పేషెంట్‌కు మానసిక ఆరోగ్య వైద్యమే.

భూకంపాన్ని కూడా ఈ జిల్లా చూసింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. కేంద్రం ములుగు ప్రాంతమే. తెలంగాణలో చాలా చోట్ల జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఇలాంటి హఠాత్ భయం బలహీనమైన గుండెను ఏం చేయగలదో అమెరికాలో ఒకసారి లెక్క తేలింది. 1994 జనవరి 17న లాస్ ఏంజిలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చిన రోజు, గుండె రక్తనాళాల జబ్బుతో హఠాత్తుగా చనిపోయినవాళ్లు 24 మంది. అంతకు ముందు వారంలో రోజుకు సగటు 4.6. వీళ్లలో చాలామంది శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లు కాదు. ములుగు భూకంపం దాని ముందు చాలా చిన్నది కాబట్టి ఇక్కడా అలాగే జరిగిందని అనుకోనక్కర్లేదు. కాకపోతే స్టెంట్ వేయించుకున్నవాళ్లున్న ఇళ్లలో ఆ రోజు ఎవరైనా వెళ్లి 'ఎట్లున్నది, దడ వస్తాందా' అని అడిగి ఉంటే బాగుండేది.

ఒత్తిడి వల్లే గుండెపోటు వస్తుందా?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ఎవరికి గుండెపోటు వచ్చినా 'టెన్షన్ వల్లే' అనేయడం అలవాటైపోయింది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. మొదటిసారి గుండెపోటు వచ్చిన 11 వేల మందికి పైగా పేషెంట్లను, జబ్బు లేని 13 వేల మందికి పైగా మనుషులతో పోల్చి చూసింది. ఇంట్లో, పనిలో ఒత్తిడి, డబ్బు కష్టాలు, డిప్రెషన్ లాంటివి గుండెపోటుకు పెద్ద కారణాల్లో ఒకటని అందులో తేలింది. అదే లిస్టులో పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట కూడా ఉన్నాయి. ఒత్తిడి మీదకు నెట్టేసి బీడీ, ఖైనీ, బీపీని వదిలేస్తే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల్లో అది 59 దగ్గర ఉందని కూడా ఈ అధ్యయనమే చూపించింది. యాభై మూడంటే ఇంటి బరువు ఇంకా భుజం మీద ఉన్న వయసు. కూతురు పెళ్లి, కొడుకు చదువు, మిర్చి పెట్టుబడికి తెచ్చిన అప్పు.. ఏదీ తీరి ఉండదు.

ఇంకోటి కూడా ఉంది, అది నేరుగా మీ చేతిలో ఉన్న ఫోన్‌కు సంబంధించింది. 'డ్యాన్స్ చేస్తూ కుప్పకూలాడు', 'జిమ్‌లో చూస్తుండగానే..' అంటూ సీసీటీవీ క్లిప్పులు రోజూ తిరుగుతుంటాయి. వార్తా ఛానళ్లు కూడా వాటిని వేస్తాయి, దాచడానికేం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది అర నిమిషం వీడియో. రెండు వారాల క్రితం స్టెంట్ వేయించుకుని, పనికి వెళ్లలేక మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషికి అది తన చావు తనకే చూపించినట్టు. ఒకటి చూస్తే యాప్ ఇంకో పది చూపిస్తుంది. ఇంట్లో గుండె పేషెంట్ ఉంటే ఆ వీడియోలు ఫార్వర్డ్ చేయకండి, ఆయన ఫోన్‌లో వస్తుంటే 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కేయండి.

చికిత్స పని చేస్తుందా?

నిజాయితీగా చెప్పాలంటే, సగం జవాబే ఉంది. అమెరికాలో ఎన్‌రిచ్డ్ పేరుతో దాదాపు 2,500 మంది గుండెపోటు పేషెంట్ల మీద పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్ ఇస్తే దిగులు తగ్గింది. కానీ రెండో గుండెపోటు, మరణాలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2002లో వచ్చిన సాధార్ట్ అనే ఇంకో ప్రయోగం, సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు గుండె పేషెంట్లకు సురక్షితమేనని చూపించింది. మనసు మందు వేసుకుంటే గుండె ఆగిపోతుందన్న భయం చాలామందిలో ఉంటుంది కాబట్టి ఇది చిన్న సంగతేం కాదు. అయితే మందు ఏది, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. పాత తరం డిప్రెషన్ మందులు కొన్ని గుండె జబ్బు ఉన్నవాళ్లకు పడవు.

మన దేశంలో జరిగిన ప్రయోగం కూడా ఒకటుంది. యోగా కేర్ పేరుతో 24 ఆస్పత్రుల్లో దాదాపు 4 వేల మంది గుండెపోటు పేషెంట్లకు యోగాతో కూడిన పునరావాస కార్యక్రమాన్ని పరీక్షించారు. డాక్టర్ దొరైరాజ్ ప్రభాకరన్ బృందం 2018లో ఫలితాలు ప్రకటించింది. మరణాలు, మళ్లీ ఆస్పత్రి పాలవడం స్పష్టంగా తగ్గినట్టు రుజువు కాలేదు. అయితే తమ ఆరోగ్యం మెరుగైందని పేషెంట్లు చెప్పారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనులకు తిరిగి వెళ్లగలిగారు.

అయితే ఇవన్నీ దేనికి అని అడగొచ్చు. మనిషి మళ్లీ పొలానికి వెళ్లడం, రాత్రి నిద్రపోవడం, మనవడిని ఎత్తుకోవడం.. ఇవి ఫలితాలు కావా? స్టెంట్ వేసింది ఇందుకే కదా!

ప్రశ్న ఏ భాషలో అడగాలి?

ములుగుకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ పైలట్‌గా మొదలైంది ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోనే. 2022 మార్చి 5న మొదలైన ఆ కార్యక్రమంలో సిబ్బంది ఇంటింటికీ వెళ్లి 18 ఏళ్లు నిండిన వాళ్లకు బీపీ, షుగర్ చూసి, రక్త నమూనాలు తీసుకున్నారు. అంటే ప్రతి గడపకు వెళ్లే పద్ధతి ఈ జిల్లాకు కొత్త కాదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల లిస్టులు ఉంటాయి, మాత్రలు ఇచ్చే ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ఉన్నారు. 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. లిస్టులో గుండెపోటు వచ్చినవాళ్లను విడిగా గుర్తించి, మాత్రలు ఇచ్చేటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే పెద్ద ఖర్చేం కాదు.

ఆ రెండు ప్రశ్నలు ప్రపంచమంతా వాడుతున్నవే. గత రెండు వారాల్లో మీకు ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవట్లేదా? దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపిస్తోందా? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే గుండె పేషెంట్లందరినీ ఇలా అడగాలని సూచించింది. జవాబు అవును అయితే ఇంకాస్త వివరంగా అడగాలి, డాక్టర్‌కు చూపించాలి.

ఇక మాట దగ్గరికి వద్దాం. 'డిప్రెషన్ ఉందా' అని అడిగితే మంగపేటలో ఒక రైతు లేదనే చెబుతాడు, ఆ మాటకు పిచ్చి అనే అర్థం తగిలిస్తారని ఆయనకు భయం. 'ఏం రంది పెట్టుకున్నవే? నిద్ర వడ్తాందా? ఒక్కనివి ఉంటే బుగులైతాందా?' అని అడిగితే కథ మొత్తం బయటికొస్తుంది. అప్పు సంగతీ వస్తుంది, కొడుకు ఫోన్ చేయడం లేదన్న సంగతీ వస్తుంది. కోయ గూడేల్లో ప్రశ్న కోయ భాషలో పడాలి, అడిగేది తెలిసిన మనిషి అయ్యుండాలి. తెలుగు రాని పెద్దావిడ ముందు ట్యాబ్ పట్టుకుని పై ప్రశ్నలు చదివితే ఆమె తలూపుతుంది, అంతే.

రాష్ట్రం దగ్గర లెక్కలు కూడా తక్కువే. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలను తీసుకుంది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. సర్వే జరిగిన చోట డిప్రెషన్ ఉన్న పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఏ చికిత్సా అందడం లేదని తేలింది. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, మంచిదే. స్టెంట్‌కు డబ్బు దొరుకుతుంది. స్టెంట్ వేయించుకున్న మనిషితో అరగంట కూర్చుని మాట్లాడే వాళ్ల సంగతి కూడా అదే స్థాయిలో తేలాలి.

ఇంట్లో ఏం జరుగుతోంది?

ప్రేమతోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. 'నువ్వు కూసో, నువ్వు లేవకు, బిందె ముట్టకు' అని నెలల తరబడి కూర్చోబెడతారు. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషి ఇప్పుడు గ్లాసు మంచినీళ్లకు కూడా ఎదురుచూస్తాడు. అక్కడే రంది మొదలవుతుంది. నిజానికి చాలామందికి డాక్టర్లు నడక మొదలుపెట్టమంటారు, రోజుకు కొంచెం కొంచెం పెంచమంటారు. బరువు పని ఎప్పుడు, ఎంత అన్నది గుండె పంపింగ్‌ను బట్టి ఉంటుంది. రివ్యూకి వెళ్లినప్పుడు నాగలి పట్టొచ్చా, మందు పంపు మోయొచ్చా, బండి నడపొచ్చా అని పేరు పెట్టి అడగండి. 'జాగ్రత్తగా ఉండండి' అనే జవాబుతో లేచి రావద్దు.

భార్యాభర్తల సంబంధం గురించి దాదాపు ఎవరూ అడగరు, సిగ్గు. ఆ భయంతోనే దూరం పెరుగుతుంది. రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదన్నది వైద్యులు వాడే ఒక గుర్తు. డాక్టర్ దగ్గర ఒక్కరే ఉన్నప్పుడు అడిగితే చెబుతారు.

ఆడవాళ్ల సంగతి ఇంకా వెనకబడింది. వాళ్లకు గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, వాంతి, దవడ నొప్పి, విపరీతమైన నీరసం ఎక్కువగా కనిపించొచ్చు, గ్యాస్ అనుకుని వదిలేస్తారు. తర్వాత దిగులు కూడా వాళ్లలోనే ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ ఇంటికొచ్చిన మూడో రోజే పొయ్యి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. భర్తకు గుండెపోటు వస్తే ఇంట్లో కాపలా ఉంటుంది. భార్యకు వస్తే?

దడ వస్తే భయమా, గుండా?

గుండెపోటు ఒకసారి వచ్చినవాళ్లను ఎక్కువ వేధించే ప్రశ్న ఇది. భయంతో వచ్చే దడలో కూడా ఛాతీ బిగుసుకుంటుంది, చెమట పడుతుంది, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. రెండిటికీ తేడా ఇంట్లో కూర్చుని తేల్చలేం. తేల్చకూడదు కూడా. ఛాతీలో బిగువు, నొప్పి కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చేతికి, దవడకు పాకినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాలుక కింద పెట్టుకోమని డాక్టర్ మాత్ర ఇచ్చి ఉంటే ఆయన చెప్పినట్టే వాడాలి. ఆస్పత్రికి వెళ్లాక ఈసీజీ, రక్త పరీక్ష మామూలుగా వస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 'ఊకెనే తీసుకొచ్చినవ్' అని తిట్టడం మాత్రం ఇంట్లోవాళ్లు మానుకోవాలి. ఒకసారి అలా తిట్టించుకున్న మనిషి, నిజంగా వచ్చిన రోజు నోరు విప్పడు.

పరీక్షలన్నీ బాగుండి కూడా దడ తరచూ వస్తుంటే, నిద్ర రెండు వారాలకు మించి పట్టకపోతే, చావు ఆలోచనలు వస్తుంటే 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ అది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాజేడు నుంచైనా, హైదరాబాద్ నుంచైనా అదే నంబర్. వాగు పొంగి దారి తెగిన రాత్రి కూడా, ఫోన్‌కు సిగ్నల్ ఉంటే చాలు.